ఎవరి కింద

“ఆ మధ్య బాక్సుని కాస్త కుడివైపుకి జరుపు చాలు. నీకైతే ఐదు నిమిషాల పని,” అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్తూ.

ఆమె ఒక చేత్తో పొయ్యి మీద కూర కలుపుతోంది. లాప్‌టాప్ వంటగట్టు మీద, కడిగి బోర్లించిన గ్లాసుల పక్కన ఉంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని బాక్సుని కుడివైపుకి జరిపింది. బాక్సు జరిగింది. దాన్ని పట్టుకుని ఉండాల్సిన తొమ్మిది గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అవన్నీ అతను విడివిడిగా గీసి బాక్సు దగ్గరగా పెట్టినవి. చూడ్డానికి అంటుకున్నట్టే ఉంటాయి, బాక్సు కదిలితే తెలుస్తుంది సంగతి. ఒక్కొక్కటీ చెరిపి, ఒక్కొక్కటీ మళ్లీ గీసి, చివరలు బాక్సుకి తగిలించేసరికి కూర అడుగంటింది. “ఏంటమ్మా ఆ వాసన?” అని హాల్లోంచి అత్తగారు అడిగారు. అతను తల దువ్వుకుంటూ వచ్చి, “అయిందా?” అన్నాడు. అయిందంది. “చెప్పానా, ఐదు నిమిషాలని,” అన్నాడు. గోడ గడియారం ప్రకారం నలభై పట్టింది. ఆ మాట అనబోయి, మాడిన గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టింది.

పెళ్లయి పద్నాలుగేళ్లు. అతని కంపెనీలో అతను చూపించే స్లైడ్లు దాదాపు అన్నీ ఆమె చేసినవే. ఒకసారి అతని స్నేహితులు భోజనానికొచ్చినప్పుడు వాళ్లలో ఒకతను, “నీ స్లైడ్లు మాత్రం భలే శుభ్రంగా ఉంటాయి గురూ,” అంటే, “మా ఆవిడ కాస్త సర్దుతుందిలే,” అన్నాడు. మురిపెంగానే అన్నాడు. ఆమె అప్పుడు వాళ్లకి వడ్డిస్తోంది. సర్దడం అన్న మాట ఆమెకి చాలా రోజులు మింగుడు పడలేదు. అల్మరాలో బట్టలు సర్దుతాం, వంటగది సర్దుతాం, ఎవరైనా కోపంగా అరిస్తే ఆ మాటనీ మనసులో సర్దుకుంటాం. ఆమె చేసే పనులన్నిటికీ ఇంట్లో ఆ ఒక్క మాటే సరిపోయింది.

ఆఫీసులోనూ ఆమెది స్లైడ్ల పనే. లిఫ్టులు తయారుచేసే కంపెనీ అది. రెండో అంతస్తులో, జిరాక్సు మిషను పక్కన చిన్న గది. మోటారు నుంచి తాడు, తాడు నుంచి పెట్టె, ఏది దేనికి కలుస్తుందో బొమ్మగా చూపించాలి. ఆర్డరు ఎవరి దగ్గర మొదలై ఎవరి సంతకంతో ముగుస్తుందో చూపించాలి. ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూపించాలి. అన్నిటికీ బాక్సులూ వాటిని కలిపే గీతలే. ఆ గదిలో ఇద్దరు. ఒకరు ఆమె, ఇంకొకరు గీతలక్క.

గీతలక్క అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై రెండేళ్ల కిందట, కంప్యూటర్లు ఇంకా ఆ గదికి రాకముందు, పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద స్కేలు పెట్టి సిరాతో గీతలు గీసేదట. అప్పట్నుంచీ అదే పేరు. యాభై రెండేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఒంటరిది. ఎందుకు ఒంటరిదో ఆఫీసులో నాలుగు రకాల కథలుండేవి. ఆవిణ్ణే అడిగితే, “నాలుగూ నిజమే, ఏది నచ్చితే అది తీసుకోండి,” అని నవ్వేది.

పాపకి పది నెలలప్పుడు ఆమె ఆ ఉద్యోగంలో చేరింది. మొదటి వారమే ఏడుపు మొహంతో కూర్చుంటే, గీతలక్క కుర్చీ దగ్గరికి లాక్కుని, “ఇటు చూడవే. ప్రతి బాక్సుకీ నాలుగు కళ్లుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి, రెండు పక్కలా రెండు. గీత చివర ఆ కంట్లో పడాలి, అప్పుడే పట్టుకుంటుంది. పక్కన వేలాడేదాన్ని నమ్మకు,” అని చెప్పింది. పాపకి జ్వరం వచ్చిన రోజుల్లో, “నువ్వెళ్లు, నీది కూడా నేను చేసేస్తా,” అని పంపించేది. అలా ఎన్నిసార్లు పంపిందో ఆవిడా గుర్తుపెట్టుకోలేదు, ఈమె మాత్రం మర్చిపోలేదు. మర్చిపోలేదు కాబట్టే తర్వాత జరిగింది అంత బరువైంది.

కోడ్ రాయడం ఆమె ఏదో పెద్ద ఆశతో నేర్చుకోలేదు. ఆ అడుగంటిన కూర రోజున, ఈ గీతలు గీసే పని మిషనే చేసుకుంటే బాగుణ్ణు అనిపించింది, అంతే. మధ్యాహ్నం తినే వేళ డబ్బా ముందు పెట్టుకుని ఇంటర్నెట్‌లో పాఠాలు చూసేది. మూడు నెలలు తల ప్రాణం తోకకొచ్చింది. ముందు బాక్సులన్నీ వాటి చోట్లలో పెట్టమని చెప్పాలి, తర్వాతే గీతలు. ఈ గీత మొదలు ఫలానా బాక్సు కింది కంట్లో, చివర ఫలానా బాక్సు పై కంట్లో అని ఒక్కోదానికి చెప్పాలి. అక్కడ కళ్లకి అంకెలుంటాయి. పైది సున్నా, ఎడమది ఒకటి, కిందది రెండు, కుడిది మూడు. మొదటిసారి ఆ తగిలించే మాట రాయడం మర్చిపోయింది. బాక్సులన్నీ బుద్ధిగా నిలబడ్డాయి, గీతలన్నీ స్లైడు ఎడమ మూల కుప్పగా పడ్డాయి. గీతలక్క తొంగి చూసి, “చీపురు విప్పి పోసినట్టుందే,” అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. రెండోసారికి కుదిరింది. ఎక్సెల్ షీటులో పేరు, పని, ‘ఎవరి కింద’ అని మూడు గళ్లు నింపితే చాలు, ఒక్క నొక్కుతో చార్టంతా వచ్చేస్తుంది, ప్రతి గీతా రెండు చివరలా బాక్సుల్ని పట్టుకుని. బాక్సుని మౌసుతో ఎటు లాగినా గీత వెంట వెళ్తుంది. గీతలక్క అలా ఒక బాక్సుని కాసేపు స్లైడంతా తిప్పి తిప్పి చూసింది. “నేను రెండు రోజులు చేసే పని,” అంది మెల్లిగా.

ఇంట్లో భర్త స్లైడ్లూ అలాగే చేసేయడం మొదలుపెట్టింది. రోజుకి అరగంట మిగిలింది. ఆ అరగంట ఎటు పోయిందో ఆమెకి తెలీనేలేదు. “ఈ మధ్య నీకు తీరిగ్గా ఉంటోంది కదా,” అని అత్తగారు పాత చీరలకి అంచులు కుట్టమని ఇచ్చారు. “త్వరగా అయిపోతోంది కదా, మా టీమ్‌లో ఇంకొకాయనవి కూడా ఉన్నాయి,” అని భర్త తెచ్చాడు.

“నాకూ నేర్పవే ఆ విద్య,” అని గీతలక్క అప్పుడే అడిగింది. “అయ్యో, తప్పకుండా అక్కా. వచ్చేవారం సాయంత్రం ఒక గంట కూర్చుందాం,” అంది ఆమె. మనస్ఫూర్తిగానే అంది. ఐదున్నరకి ఆఫీసు అయిపోతుంది. ఆరుకి పాపని ట్యూషన్ నుంచి తేవాలి. ఆరున్నరకి అత్తగారి మాత్రలు. ఏడింటికి భర్త వస్తాడు. ఆ వచ్చేవారం అలా జరుగుతూ జరుగుతూ మూడేళ్లయింది. గీతలక్క రెండుసార్లు గుర్తుచేసింది. మూడోసారి చెయ్యలేదు. ఒకరోజు ఆవిడ డెస్కు మీద కోడ్ పాఠాల పుస్తకం కనిపించింది, మొదటి ఇరవై పేజీల్లో పెన్సిలు గుర్తులున్నాయి. ఆ తర్వాత పేజీలు కొత్తగా ఉన్నాయి. అది చూసి కూడా ఆమె ఏమీ అనలేదు. ఆ సాయంత్రం పాప స్కూల్లో మీటింగుంది.

ఆ తర్వాత కంపెనీలో విభాగాలన్నిటినీ కొత్తగా కలపాలని పైవాళ్లు నిర్ణయించారు. షీటు మేనేజరు దగ్గరికి వచ్చింది, ఆయన ఆమెకి పంపించాడు. ఎనభై నాలుగు పేర్లు. మర్నాడు పదింటికి హాల్లో అందరికీ చూపించాలి. మధ్యాహ్నం నాలుగింటికి ఆమె కోడ్ నడిపించింది. ముప్పై ఏడో వరస దగ్గర ఆగిపోయింది. తప్పు ఎక్కడుందో చూస్తే, ఆ వరసలో ‘ఎవరి కింద’ గడి ఖాళీ. పైన డైరెక్టరుది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, దానికి ముందే వేరే ఏర్పాటు చేసి పెట్టుకుంది. ఇదెవరిదా అని పేరు చూసింది. ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. గీతలక్క అసలు పేరు అది.

గీతలక్క అప్పుడు గదిలో లేదు, ప్రింట్లు తేవడానికి పక్క బిల్డింగ్‌కి వెళ్లింది. ఆమె లేచి మేనేజరు గదికి వెళ్లింది. “సార్, ఇక్కడ ఒక పేరుకి ఎవరి కిందో రాయలేదు,” అంది. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, “పైనుంచి అలాగే వచ్చిందమ్మా. ఉన్నవాటికి గీయండి,” అన్నాడు. “మరి ఈ పేరు?” అంది. “నేను కనుక్కుంటాలెండి. మీరు చార్టు చూడండి, రేపు పదింటికి నాకు కావాలి.” ఆ ఉద్యోగం ఇక ఉండదని ఆయనకి తెలుసనే సంగతి ఆ గొంతులోనే ఆమెకి తెలిసింది. తెలిసిన సంగతి తెలియనట్టు తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ఐదింటికి భర్త ఫోన్. “అమ్మకి ఐదున్నరకి కంటి డాక్టరు. నాకు మీటింగు పడింది. నువ్వు తీసుకెళ్లు.” నాకూ పనుంది అంది. “నీదేముంది, బాక్సులూ గీతలేగా, పొద్దున్నే వెళ్లి చేసుకో,” అన్నాడు. అని పెట్టేశాడు.

ఆమె తెర వంక చూసింది. ఏం చెయ్యొచ్చో ఆమెకి ఆ క్షణానే తెలుసు, తర్వాత ఎప్పుడో తట్టింది కాదు. ఆ ఒక్క బాక్సుని గీత లేకుండా కింద ఓ మూల పెట్టొచ్చు. గీతలక్కకి ఫోన్ చేసి, అక్కా ఇలా ఉంది, ఇవాళే మేనేజరుని అడుగు అని చెప్పొచ్చు. చెబితే ఆవిడ ఏమంటుందో, ఏడుస్తుందేమో, ఏడిస్తే తను కూర్చోవాలి, కూర్చుంటే డాక్టరు వేళ దాటిపోతుంది, దాటితే ఇంట్లో ఆ మాట నెల రోజులు నడుస్తుంది. ఇవన్నీ ఒక ఊపిరిలో అనుకుంది. అనుకుంటూనే కోడ్‌లో రెండు వరసలు రాసింది. గడి ఖాళీగా ఉంటే ఆ పేరు వదిలెయ్, తర్వాతదానికి వెళ్లు. నొక్కింది. ఎనభై మూడు బాక్సులు, ఏ గీతా ఇంకో గీతని తొక్కకుండా, చక్కగా పరుచుకున్నాయి. ఆమె చేసిన చార్టులన్నిటిలోకీ అదే అందమైనది. మేనేజరుకి పంపి సంచీ తీసుకుంది.

మెట్ల మీద గీతలక్క ప్రింట్ల కట్టతో ఎదురొచ్చింది. “వెళ్తున్నావా? చార్టయిందా?”

“అయిందక్కా. అత్తయ్యని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.”

“చుక్కలు వేశాక మెట్లు కనపడవు. చెయ్యి పట్టుకుని దింపు,” అంది గీతలక్క, పక్కకి తప్పుకుని దారిస్తూ.

ఆమె తలూపింది. నాలుగు మెట్లు దిగాక ఒక్కసారి ఆగింది. పైన అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది, పిలిస్తే పలికేంత దూరం. గడియారం చూసుకుని దిగిపోయింది.

మర్నాడు హాలు నిండిపోయింది. ఆమె ఎప్పటిలాగే పక్కన లాప్‌టాప్ దగ్గర, నొక్కమన్నప్పుడు నొక్కడానికి కూర్చుంది. చార్టు తెర మీదికి రాగానే పెళ్లి ఫొటోలో మొహాలు వెతుక్కున్నట్టు అందరూ మెడలు సాచారు. “అదిగో నేను!” “నువ్వు నా కిందకొచ్చావురోయ్!” నవ్వులు. గీతలక్క మూడో వరసలో ఉంది. అందరూ తెర మీద వెతుకుతుంటే ఆవిడ మాత్రం వెతకడం లేదు. ఇంకా చూసుకోలేదు కాబోలు అనుకుంది ఆమె. లెక్కల విభాగం ఆయన వెనకనుంచి, “గీతలక్కా, నువ్వెక్కడున్నావు? కనపడవే!” అని అరిచాడు. గీతలక్క వెనక్కి తిరిగి, “నేనా? నేను గీతల్లో ఉన్నాలే,” అంది. హాలంతా గొల్లుమంది. మేనేజరు కూడా నవ్వి, ఆ ఊపులో తర్వాతి స్లైడు అన్నాడు. ఆమె నొక్కింది.

టీ దగ్గర ఆమె గీతలక్క పక్కకి వెళ్లింది. “అక్కా, నీ పేరు కోడ్ వదిలేసినట్టుంది. నేను చూసుకోలేదు. సరిచేస్తాను,” అంది.

గీతలక్క ఆమె మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూసింది. “పోనీలే,” అంది. “మిషను కదా.”

పదహారు రోజులకి ఉత్తరం వచ్చింది. ఆ ఉద్యోగం ఇక అవసరం లేదని. ఆఖరి రోజు మేనేజరు పూలగుత్తి ఇచ్చి, రెండు నిమిషాలు మాట్లాడి, సంస్థకి వెన్నెముక అన్నాడు. గీతలక్క తన కీబోర్డు తడిగుడ్డతో తుడిచి, కప్పు సంచీలో పెట్టుకుని, “వస్తానే,” అంది. గేటుదాకా వెళ్లాలని ఆమె లేచింది. సరిగ్గా అప్పుడే పాప స్కూలు నుంచి ఫోన్ మోగింది. మాట్లాడి కిటికీ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పింది. “యాభై దాటినావిడ, ఇంకెన్నాళ్లుంటుంది?” అన్నాడు భర్త. “అయినా ఇద్దరి పని ఇప్పుడు నువ్వొక్కదానివే చేస్తున్నావంటే నీకు మంచిదే కదా. నీ కోడ్ పుణ్యమే.” ఇద్దరి పని. ఆ లెక్క ఆమెకి అంతవరకూ తట్టనేలేదు. అరగంట మిగుల్చుకోవాలని రాసుకున్న కోడ్ ఎవరి కుర్చీ లాగేసిందో అతను అన్నం కలుపుకుంటూ ఎంత తేలిగ్గా చెప్పేశాడు! అత్తగారు మాత్రం, “పాపం, ఆవిడకి ఎవరున్నారమ్మా?” అన్నారు. ఆ ప్రశ్న అడిగింది ఆవిడొక్కరే. పదకొండేళ్లు పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఇంట్లో ఎవరెవరుంటారో ఆమెకి తెలీదు. నాలుగు కథలు తప్ప.

ఫోన్ చెయ్యాలని రోజూ అనుకునేది. గీతలక్క పేరు దాకా వేలు వెళ్లేది. ఏమని మొదలుపెట్టాలి? ఎలా ఉన్నావక్కా అనా? కోడ్ వదిలేసిందన్న అబద్ధం మధ్యలో ఉండగా ఎలా ఉన్నావని ఎలా అడుగుతాం? అలా ఏడు నెలలు గడిచాయి. ఈలోగా మేనేజరు ఆమెని సీనియర్ చేస్తానన్నాడు. భర్త తన ఆఫీసులో స్వీట్లు పంచాడు. “చూశావా, నేనే చెప్పా,” అన్నాడు. ఏం చెప్పాడో ఆమెకి గుర్తులేదు.

ఏడు నెలలకి మళ్లీ మార్పులు. మళ్లీ షీటు. “పోయినసారి చేసినట్టే చేసేయండి,” అన్నాడు మేనేజరు. ఆమె నొక్కింది. ఈసారి కోడ్ ఎక్కడా ఆగలేదు. శుభ్రమైన చార్టు వచ్చింది. పంపబోతూ ఎందుకో బాక్సులు ఎన్నున్నాయో చూసింది. డెబ్బై మూడు. షీటులో వరసలు డెబ్బై ఏడు. ఒక్కొక్క పేరే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. ఫోన్ డెస్కులో ఇద్దరమ్మాయిలు, స్టోరు గుమాస్తా, గుండెకి ఆపరేషనయి సెలవులో ఉన్న డ్రాఫ్ట్స్‌మన్. నలుగురికీ ఆ గడి ఖాళీ. పోయినసారి కనీసం మిషను ఆగి, ఇదేంటని అడిగింది. అడగొద్దని దానికి నేర్పింది తనే. ఒక్కసారి ఒక్క మనిషి కోసమని రాసిన ఆ రెండు వరసలు ఇప్పుడు ఎవరినైనా, ఎంతమందినైనా చప్పుడు లేకుండా మింగేస్తాయి.

ఆ రోజు ఐదున్నరకి ఆమె లేవలేదు. భర్తకి ఫోన్ చేసి, “పాపని మీరు తీసుకురండి,” అంది. “నాకు...” అని అతను మొదలుపెట్టేలోపు, “నాకూ,” అని పెట్టేసింది. ఆ రెండు వరసలూ తీసేసింది. వాటి చోట ఇంకోటి రాసింది. గడి ఖాళీగా ఉంటే ఆ బాక్సుని కింద వరసలో పెట్టు, గీత వెయ్యకు. ఏడు దాటేసరికి డెబ్బై ఏడు బాక్సులూ తెర మీదున్నాయి. అడుగున నాలుగు, దేనికీ తగలకుండా. ఈసారి దాన్ని మేనేజరుకి ముందుగా పంపలేదు.

మర్నాడు హాల్లో చార్టు చూసి మేనేజరు మాట మధ్యలో ఆగిపోయాడు. “ఇవేంటమ్మా కింద? గీతలు పడలేదేంటి?”

ఆ హాల్లో ఆమె అంతవరకూ ఒక్క మాటా మాట్లాడి ఎరగదు. లేచి నిలబడింది. “వాళ్లూ లిస్టులో ఉన్నారు సార్. ఎవరి కింద పనిచేస్తారో రాసి పంపలేదు. అందుకని గీత లేదు,” అంది. ఫోన్ డెస్కు అమ్మాయిల్లో ఒకతె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డైరెక్టరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నీళ్లు నమిలాడు. “ఏదో పొరపాటు, చూస్తాం,” అన్నాడు. “ఎప్పటికి చూస్తారు సార్?” అని స్టోరు గుమాస్తా తనే లేచి అడిగాడు. ఇక ఆ మీటింగు అక్కడినుంచి కదల్లేదు.

పెద్ద విజయమేమీ కాలేదు. ఫోన్ డెస్కు అమ్మాయిల్లో ఒకరినీ డ్రాఫ్ట్స్‌మన్‌నీ ఉంచారు. మిగతా ఇద్దరికీ మొహం మీదే చెప్పి మూడు నెలలు గడువిచ్చారు. ఆమె సీనియర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. “మీరు కాస్త ఎక్కువ సున్నితం,” అన్నాడు మేనేజరు. “ఊళ్లో గొడవలన్నీ నీకెందుకు?” అన్నాడు భర్త. ఆమె, “శనివారం నేను బయటికెళ్తున్నా. మీ స్లైడ్లు మీరు చేసుకోండి,” అంది. “మరి వంట?” అన్నాడు తెల్లబోయి. “అది కూడా,” అంది.

గీతలక్క ఇల్లు ఒక మేడ మీద రెండు గదులు. బయట మెట్ల పక్కన ఆరేసిన రెండు చీరలు, కుండీలో ఏదో తీగ. గీతలక్క తలుపు తీసి, “నువ్వా!” అంది, పక్కకి జరిగి. మనిషి చిక్కింది. కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్సిళ్లు. పిల్లల పాఠ్యపుస్తకాలకి బొమ్మలు గీసిస్తోందట. ఒక కాగితం మీద సగం గీసిన గుండె ఉంది, దాని గదుల పేర్లు రాయడానికి బాణాలు వేస్తోంది. టీ పెట్టి ఇచ్చింది. పాప ఎన్నో తరగతని అడిగింది. అత్తగారి కళ్లు ఎలా ఉన్నాయని అడిగింది. ఆమె జవాబులు చెప్తూ చెప్తూ, హాల్లో జరిగింది మొదలుపెట్టింది. నలుగురి పేర్లూ, కింది వరసా, మేనేజరు మొహమూ, స్టోరు గుమాస్తా లేచి అడగడమూ. గీతలక్క కళ్లు మెరిశాయి. “నలుగురినీ పెట్టావా? అందరి ముందూ? శభాషే!” అని ఆమె మోకాలి మీద చరిచింది.

ఆ చరుపుకి ఆమెకి ఏడు నెలల తర్వాత మొదటిసారి ఊపిరాడినట్టయింది. ఈ మాట కోసమే వచ్చానని అప్పుడు తెలిసింది. ఆ తేలికలో నోరు జారింది. “నీ విషయంలో కూడా నేను ఆ రోజు సరిగ్గా చూసుకుని ఉంటే...” అంది.

గీతలక్క పెన్సిలు బల్ల మీద పెట్టింది.

“చూసుకున్నావుగా,” అంది.

బయట ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడయింది. గీతలక్క గొంతు పెంచలేదు. “ఆ సాయంత్రం నువ్వెళ్లిన పది నిమిషాలకి మేనేజరు ఆ ఫైలు నాకే పంపాడే. స్పెల్లింగులు చూడమని. షీటు కూడా పంపాడు, పేర్లు సరిచూసుకోడానికి. పంపుతున్నది ఎవరికో ఆయనకి తట్టను కూడా తట్టలేదు. షీటులో నా పేరుంది, పక్క గడి ఖాళీ. చార్టులో నేను లేను. ఖాళీ కనపడితే మిషను ఆగిపోతుందని నువ్వే కదా చెప్పావు ఒకసారి? అది దానంతటది దాటిపోదు. ఎవరో దాటించారు.” కాగితం మీద పడిన రబ్బరు పొట్టు అరచేత్తో తుడిచింది. “రెండు పేర్లలో తప్పులుంటే దిద్దాను. దిద్ది ఆరున్నర దాకా అక్కడే కూర్చున్నా. నువ్వు ఫోన్ చేస్తావని. ఉద్యోగం నిలబెట్టమని కాదే, నీ చేతుల్లో ఏముంది. అక్కా, ఇలా ఉంది, అని ఒక్క ముక్క చెప్తావని. మర్నాడు హాల్లోకి వెళ్లేముందు చెప్తావనుకున్నా. టీ దగ్గరికి వచ్చావు, ఇప్పుడు చెప్తావనుకున్నా.”

అత్తయ్య డాక్టరు, భర్త ఫోన్, మేనేజరు మాట, పాప, ఐదున్నర, అన్నీ వరసగా నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. అవన్నీ నిజాలే. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. ఇన్నాళ్లూ ఆ నిజాల వెనకే కూర్చుంది. ఒక్కొక్కదాన్నే మింగింది. కప్పు కింద పెట్టింది.

“కోడ్ వదల్లేదక్కా,” అంది. “నేనే తీసేశాను. నీ పేరు చదివి, నువ్వేనని తెలిసి, తీసేశాను. మెట్ల మీద నువ్వు ఎదురైనప్పుడు కూడా నాకు తెలుసు.”

గీతలక్క కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. పర్లేదు అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

ఆమె ఇంకా చెప్పాల్సింది చెప్పడానికి కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.